థర్మామీటర్ తప్పైతే దిద్దుకుందాం.. ఎండే లేదంటే ఎట్ల?

మొన్న ఎండకాలం మా ఊరి బస్టాండ్ కాడ చాయ్ హోటల్ల కూసున్న. మా వాడకట్టు పిల్లగాడొకడు ఫోన్ పట్టుకొని దగ్గరికొచ్చిండు. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతున్నడు. "కాకా, ఎండలు పెరిగినయ్, వాతావరణం మారింది అని నువ్వెప్పుడూ రాస్తవ్ గదా, ఇగో ఇది చూడు" అని ఒక వీడియో పెట్టిండు. అండ్ల ఒకాయన సూటేసుకొని మంచిగ చెప్తున్నడు. ఢిల్లీల 52.9 డిగ్రీలు అన్నరట. మూడు రోజులకే మిషన్ ఖరాబైంది అన్నరట. లోకమంతా గిట్లనే దొంగ లెక్కలు రాస్తున్నరట. ఇదంతా బొగ్గు బందు పెట్టేతందుకు ఆడుతున్న నాటకమట.

వీడియో అయిపోయినంక పిల్లగాడు ఒక్క మాట అడిగిండు. "మా నాయిన ఓపెన్‌కాస్ట్‌ల కాంట్రాక్టు మీద చేస్తుండు. బొగ్గు బందైతే మేం ఏం తినాలె కాకా?"

నాకు వెంటనే జవాబు రాలే. వాడు రెండు ప్రశ్నలు కలిపి అడిగిండు. ఒకటి, ఈ ఎండ లెక్కలు నమ్మొచ్చా? రెండు, ఆ లెక్కలు చూపెట్టి మా పొట్ట మీద కొడతరా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఇంటికొచ్చి చదివిన, రాసుకున్న. నేను సైంటిస్టును గాదు. ఇంటర్ కాడ ఆగిపోయినోణ్ని. డిక్షనరీ పక్కన పెట్టుకొని రిపోర్టులు చదువుకుంట నేర్చుకున్నదే నాకున్న చదువు. తెలిసినకాడికి చెప్త, వినున్రి.

ఢిల్లీల అసలేం జరిగింది?

2024 మే 29. ఢిల్లీ అంచున ముంగేశ్‌పూర్ అనే ఊరు. అక్కడున్న ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ 52.9 డిగ్రీలు చూపెట్టింది. మన దేశంల రికార్డు 51 డిగ్రీలు. అది 2016 మే 19 నాడు రాజస్థాన్‌ల ఫలోడిల నమోదైంది. దాన్ని ఒక్కపారే దాదాపు రెండు డిగ్రీలు దాటిందంటే మాటలా? టీవీలన్నీ ఊగిపోయినయ్. ఫోన్లల ఫార్వర్డులే ఫార్వర్డులు.

గానీ అదే రోజు ఢిల్లీల సఫ్దర్‌జంగ్ స్టేషన్ల 46.8 డిగ్రీలే. మిగతా స్టేషన్లల 45 నుంచి 49 మధ్యల ఉన్నది. ఒక్క ముంగేశ్‌పూర్ మాత్రమే గుంపుల కలువకుంట పైకి పోయింది. వాతావరణ శాఖకు అనుమానం వచ్చింది. మనుషులను పంపింది. ఆ సెన్సర్ పక్కన ప్రామాణిక పరికరం పెట్టి చూస్తే, సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపెడుతున్నదని తేలింది. అదే మాట బయటికి చెప్పిన్రు. మర్నాడు నాగపూర్ల ఇంకో ఆటోమేటిక్ స్టేషన్ ఏకంగ 56 చూపెట్టింది. అది కూడ సెన్సర్ తప్పేనని శాఖ చెప్పింది.

ఇక్కడిదాక వీడియోల ఆయన చెప్పింది నిజమే. కానీ ఆయన రెండు ముచ్చట్లు దాచిండు.

మొదటిది, ఆ తప్పు పట్టిందెవలు? ఆయన గాదు, ఆయన చానల్ గాదు. లెక్క రాసే శాఖనే పట్టింది. దొంగ లెక్క రాసేటోడు రికార్డు వచ్చిందని డప్పు కొట్టుకుంటడు గానీ, అది చెల్లదని తనంతట తనే చెప్పుకుంటడా?

రెండోది, 52.9ల నుంచి మూడు తీసేయున్రి. 49.9 ఉంటది. అదేమన్న సల్లటి గాలా? సఫ్దర్‌జంగ్‌ల వచ్చిన 46.8 అక్కడ 79 ఏండ్లల ఎన్నడూ రాలే. ఆ వారంలనే, జూన్ 1 నాడు యూపీల ఆఖరి విడత పోలింగ్ అయితుంటే, ఆ ఒక్కరోజే 33 మంది పోలింగ్ సిబ్బంది ఎండకు చచ్చిపోయిన్రని ఆ రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారే చెప్పిండు. ముంగేశ్‌పూర్ మిషన్ తప్పు చూపెట్టింది నిజం. ఆ మనుషులు పోయింది కూడ నిజం.

ఉష్ణోగ్రత ఎట్ల కొలుస్తరు?

మన ఫోన్ల కనిపించే నంబర్ మీద మస్తుమందికి భ్రమ ఉన్నది. ఫోన్ల థర్మామీటర్ ఉండదు. అది కంప్యూటర్ అంచనా. "ఒంటికి ఇంత అనిపిస్తది" అని ఇంకో నంబర్ చూపెడతది, అది ఉక్కపోత కలిపి తీసిన లెక్క. కారు డాష్‌బోర్డు మీద కనిపించేది డాంబర్ రోడ్డు మీది వేడి. ఇవేవీ రికార్డుకు పనికిరావు.

అసలు కొలతకు ఒక పద్ధతి ఉన్నది. తెల్ల రంగు ఏసిన చెక్క పెట్టె. నలుదిక్కులా తలుపులకు సందులుంటయ్. గాలి ఆడాలె, ఎండ మాత్రం లోపలికి పడొద్దు. నాలుగడుగుల ఎత్తున స్టాండ్ మీద పెడతరు, కింద గడ్డి నేల ఉండాలె. దాన్ని స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటరు. అందుట్ల గరిష్ఠం చూపెట్టేది ఒకటి, కనిష్ఠం చూపెట్టేది ఒకటి థర్మామీటర్లుంటయ్. అంటే మనం కొలిచేది ఎండను గాదు, నీడల గాలి వేడిని. 45 అని రాసినప్పుడు ఎండల నాట్లేసే ఆడామెకు, తారు పోసే కూలికి తాకే వేడి అంతకన్న ఎక్కువనే.

ఇప్పుడు మనిషి పోయి చూసే పని తగ్గింది. ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చినయ్. సెన్సర్ కొలుస్తది, సిమ్ము తోటి నంబర్ పంపుతది. మంచిదే, గానీ సెన్సర్‌కు దుమ్ము పడుతది, వయసు అయితది, గాలి ఆడే కవచం పాడైతది. సరిచూడకపోతే ముంగేశ్‌పూర్ లెక్కనే అయితది. అందుకే ఒక్క స్టేషన్, ఒక్క రోజు, ఒక్క నంబర్ చూసి ఎగురుడు తప్పు. ఎండలు పెరిగినయ్ అనేటోళ్లకు కూడ ఈ మాట వర్తిస్తది. ఆ రోజు 52.9ని ముందువెనుక చూడకుంట షేర్ చేసినోళ్లల నేను కూడ ఉన్న. తర్వాత తప్పు ఒప్పుకుంట ఇంకో పోస్టు పెట్టిన. మొదటి పోస్టుకు వచ్చిన లైకులల పావలా వంతు కూడ దానికి రాలేదు, అది వేరే సంగతి.

ఇట్ల రికార్డులు కొట్టేసుడు కొత్త గాదు. 1922ల లిబియా దేశంల 58 డిగ్రీలు వచ్చిందని తొంభై ఏండ్లు ప్రపంచ రికార్డుగ పుస్తకాలల రాసుకున్నరు. కొలిచినాయన పనికి కొత్త, పరికరం తప్పు చదివి ఉంటడని తేల్చి 2012ల ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టేసింది. వేడి ఎక్కువ చూపెట్టుడే వాళ్ల కుట్ర అయితే, అంత పెద్ద రికార్డును ఎందుకు కొట్టేస్తరు?

దూడ తూకం

"ఒక్కొక్క స్టేషన్ ఇట్ల తప్పులు చూపెడుతుంటే, వందేండ్లల ఒక డిగ్రీ పెరిగిందని అంత గట్టిగ ఎట్ల చెప్తరు?" అని అడగొచ్చు. అసలు ప్రశ్న ఇదే.

మీ ఇంట్ల ఒక పాత కాంటా ఉన్నదనుకోండ్రి. అది ఎప్పుడూ రెండు కిలోలు ఎక్కువ చూపెడతది. దాని మీద దూడను నెలనెలా తూకం వేస్తున్నరు. మొదటి నెల 32, ఆరో నెల 92 అన్నది. రెండు నంబర్లూ తప్పే. దూడ పెరిగింది మాత్రం 60 కిలోలు, అది కరెక్టే. కాంటా తప్పు ఒకే తీరుగ ఉన్నంతకాలం పెరుగుదల లెక్క చెడిపోదు. వాతావరణ లెక్కలల చూసేది కూడ ఇదే. ఈ స్టేషన్ల ఇంత ఉన్నది అని గాదు, ఇదే స్టేషన్ల మామూలుగ ఉండేదాని కన్న ఎంత తేడా వచ్చింది అని చూస్తరు.

మధ్యల కాంటా మార్చినప్పుడే చిక్కు. పోయిన నెల 92 ఉన్న దూడ, కొత్త కాంటా మీద 90 అన్నదనుకో. దూడ చిక్కిపోయిందా? లేదు, కాంటా మారింది. అప్పుడు మనమేం చేస్తం? పక్కింటోళ్ల కాంటా మీద కూడ వేసి చూస్తం. వాతావరణ లెక్కల గూడ స్టేషన్ను ఒక్కకాణ్నుంచి ఇంకోకాడికి మార్చినప్పుడు, పరికరం మార్చినప్పుడు ఇట్లనే తేడా వస్తది. చుట్టుపక్కల స్టేషన్లతోని పోల్చి, ఆ తేడాను లెక్కల నుంచి తీసేస్తరు. దీన్నే సవరణ అంటరు.

సవరణ అనంగనే "ఇగో దొంగతనం దొరికింది" అనేటోళ్లున్నరు. ఐకేపీ సెంటర్ల తరుగు పేరు మీద మోసపోయిన రైతుకు ఈ అనుమానం రావుడు సహజమే. నేను తప్పు పట్ట. అందుకే సవరణ ఏ దిక్కుకు పోతున్నదో మనమే చూద్దాం.

అమెరికాల ఒకప్పుడు వాలంటీర్లు సాయంత్రం పూట థర్మామీటర్ చూసి, గుర్తు మళ్ల పెట్టేటోళ్లు. తర్వాత పొద్దుగాల చూసుడు మొదలువెట్టిన్రు. సాయంత్రం ఇంకా వేడి ఉన్నప్పుడే గుర్తు మళ్ల పెడితే, ఆ వేడి రేపటి లెక్కల కూడ పడుతది. ఒక ఎండ రోజు రెండు పార్ల లెక్కకొస్తది. అంటే పాత లెక్కలు ఉన్నదానికన్న ఎక్కువ వేడి చూపెట్టినయ్. దాన్ని దిద్దితే పెరుగుదల ఎక్కువైంది. వీడియోల ఆయన అసొంటోళ్లు ఎప్పుడూ చూపెట్టేది దీన్నే.

ఇప్పుడు సముద్రం సంగతి చూడున్రి. పాతకాలంల ఓడల మీదికెళ్లి బకెట్ తోటి నీళ్లు చేది, అందుట్ల థర్మామీటర్ పెట్టేటోళ్లు. కాన్వాసు గుడ్డ బకెట్ పైకొచ్చేలోపు గాలికి నీళ్లు సల్లవడుతయ్. మన మట్టికుండ లెక్కనే. తర్వాత ఇంజన్‌లకు గుంజే నీళ్లను కొలుసుడు మొదలైంది, అవి కొంచెం వెచ్చగ ఉంటయ్. దిద్దకపోతే సముద్రం ఉన్నదానికన్న ఎక్కువ వేడెక్కినట్టు కనవడుతది. దిద్దితే పెరుగుదల తగ్గుతది. భూమి మీద సముద్రమే ఎక్కువ కాబట్టి, మొత్తం సవరణలు కలిపి చూస్తే, వందేండ్ల పైచిలుకు పెరుగుదల కొంచెం తగ్గిందే గానీ పెరగలేదు. కుట్ర చేసేటోడు తన లెక్కను తనే తగ్గించుకుంటడా?

అనుమానించినోళ్లు ఏం తేల్చిన్రు?

అనుమానం మంచిదే, కానీ అనుమానించినోడు పోయి చూసుకోవాలె. చూసుకున్నోళ్ల కథలు రెండు చెప్త.

రిచర్డ్ ముల్లర్ అని కాలిఫోర్నియాల భౌతికశాస్త్రం ప్రొఫెసర్. ఆయనకు ఈ లెక్కల మీద నమ్మకం లేకుండె. స్టేషన్లు పట్నాల నడుమ ఉన్నయ్, ఇష్టమొచ్చిన స్టేషన్లు ఏరుకున్నరు, సవరణలు అనుమానంగ ఉన్నయ్ అనేటోడు. 2010ల బర్క్‌లీ ఎర్త్ అని ఒక బృందం పెట్టి మొత్తం లెక్క మొదటి నుంచి తనే చేసిండు. పైసలిచ్చినోళ్లల చమురు వ్యాపారి చార్లెస్ కోక్ ఫౌండేషన్ కూడ ఉన్నది. అంటే లెక్క తప్పని తేలితే సంతోషించేటోళ్ల పైసలు. దాదాపు 39 వేల స్టేషన్ల రికార్డులు తీసిండు. 2012ల ఏం రాసిండు? నేల మీద 250 ఏండ్లల ఒకటిన్నర డిగ్రీలు పెరిగింది, పాత సైంటిస్టుల లెక్కలు సరిగ్గనే ఉన్నయ్, నా మనసు మారింది అని న్యూయార్క్ టైమ్స్ పేపర్ల రాసిండు.

రెండోది శాటిలైట్ల కథ. అమెరికాల అలబామా యూనివర్సిటీకి చెందిన జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ శాటిలైట్ లెక్కలతోని గాలి వేడి కొలిచిన్రు. 1990లల వాళ్ల లెక్కల వేడి పెరుగుదల పెద్దగ కనిపించలే. కింది థర్మామీటర్లే తప్పు అని మస్తుమంది అన్నరు. తర్వాత తేలింది ఏందంటే, శాటిలైట్ మెల్లమెల్లగ కిందికి జారుతున్నది, ఆ తేడా లెక్కకు తీసుకోలే. 1998ల వేరే సైంటిస్టులు అది పట్టిన్రు. 2005ల ఇంకో తప్పు పట్టిన్రు, శాటిలైట్ ఒక చోటు మీదికెళ్లి పోయే టైము మారుతున్నదని. అవి దిద్దినంక ఆ లెక్కల కూడ పెరుగుదల కనవడ్డది. ఇప్పుడు వాళ్ల లెక్క ప్రకారమే పదేండ్లకు దాదాపు 0.15 డిగ్రీలు పెరుగుతున్నది.

అట్లని సైంటిస్టులు దేవుళ్లని నేను అంటలే. 2009 నవంబర్ల ఇంగ్లండుల ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ సైంటిస్టుల ఈమెయిళ్లు ఎవలో దొంగిలించి బయటపెట్టిన్రు. పెద్ద లొల్లి అయింది. ఎన్నో విచారణలు జరిగినయ్. దొంగ లెక్కలు రాసినట్టు ఏ విచారణల తేలలే. కానీ అడిగినోళ్లకు లెక్కలు ఇవ్వకుంట దాచుడు తప్పని గట్టిగనే చెప్పిన్రు. ఆ తిట్లు పడాల్సినయే. జనం పైసలతోని కొలిచిన లెక్క జనానికి కనవడాలె.

పట్నం వేడి సంగతేంది అంటరా? అదీ నిజమే. హైదరాబాద్‌ల సిమెంటు, డాంబర్ రాత్రి దాక వేడి కక్కుతనే ఉంటయ్. కానీ పట్నాలు భూమి మీద చిటికెడంత జాగ. ఊర్ల స్టేషన్లను మాత్రమే తీసుకొని లెక్క చేసినా పెరుగుదల అట్లనే వస్తున్నది. సముద్రం నడుమ ఏ పట్నం ఉన్నది, అక్కడెందుకు పెరిగింది?

మన దేశం లెక్క కూడ చెప్త. మన వాతావరణ శాఖ 1875ల పుట్టింది. దేశం మొత్తం సగటు లెక్కలు 1901 నుంచి ఉన్నయ్. 1901 నుంచి 2018 దాక మన సగటు దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు కన్న ఇది తక్కువ. గాలిల పొగ, దుమ్ము ఎండను కొంత ఆపుడు, సాగునీళ్లతోని నేల సల్లవడుడు దానికి కారణాలల ఉన్నయని సైంటిస్టులు అంటరు. ఉన్నదున్నట్టు చెప్పాలె కాబట్టి చెప్తున్న. 1901 నుంచి చూస్తే 2024 మన దేశంల అన్నిటికన్న వేడి సంవత్సరం.

మరి బొగ్గు సంగతి?

ఇప్పుడు పిల్లగాని రెండో ప్రశ్నకొద్దాం. థర్మామీటర్ వేడి ఎంత ఉన్నదో చెప్తది. ఎవలి నౌకరి తీయాలె, ఎవలి భూమిల సోలార్ పెట్టాలె, ఆ ఖర్చు ఎవలు మొయ్యాలె అని థర్మామీటర్ చెప్పదు. అది రాజకీయం. మనం కొట్లాడాల్సింది అక్కడ. కానీ లోకంల ఏమైతున్నదంటే, ఆ రాజకీయం నచ్చనోళ్లు వచ్చి థర్మామీటర్‌ను పగలగొడుతున్నరు.

అమెరికాను చూడున్రి. 2025 జనవరిల కొత్త సర్కారు ప్యారిస్ ఒప్పందం నుంచి బయటికొస్తున్నమని ఆర్డర్ ఇచ్చింది. జులైల వాళ్ల ఇంధన శాఖ ఐదుగురు శాస్త్రవేత్తలతోని ఒక రిపోర్టు రాయించింది. పైన చెప్పిన క్రిస్టీ, స్పెన్సర్ ఆ ఐదుగురిల ఉన్నరు. ఆ రిపోర్టు కూడ భూమి వేడెక్కుతలేదు అనలే. నష్టం అంత పెద్దగ ఉండదు, ఖర్చు ఎక్కువ అని వాదించింది. దాన్ని తప్పుపట్టిన సైంటిస్టులు మస్తుమంది ఉన్నరు. నేను చెప్పేది ఒకటే. అక్కడి అనుమానపు పెద్దలే వదిలేసిన "థర్మామీటర్ అబద్ధం" వాదాన్ని మన వాట్సాప్ గ్రూపులు ఇంకా మోస్తున్నయ్.

మన కాడ లెక్క చూద్దాం. 2021 నవంబర్ల గ్లాస్గో సభల మన ప్రధాని చెప్పిండు, 2070 నాటికి కర్బన ఉద్గారాలు నికరంగ సున్నాకు తెస్తమని, 2030 నాటికి బొగ్గు, గ్యాస్ కాని కరెంటు సామర్థ్యం 500 గిగావాట్లు పెడతమని. 2025 జులై నాటికి మన మొత్తం కరెంటు సామర్థ్యంల సగం సోలార్, గాలి, జలవిద్యుత్, అణుశక్తి అసొంటివే అని కేంద్రం చెప్పింది. వినేతందుకు బొగ్గు సగమైపోయినట్టే ఉంటది. కానీ వాడే కరెంటుల పది యూనిట్లకు ఏడు యూనిట్ల చుట్టు ఇంకా బొగ్గుదే. ఎందుకు? పది బోర్లు వేసినవనుకో. అందుట్ల ఐదు పగటిపూట మాత్రమే పోస్తయ్, ఐదు రాత్రీపగలూ పోస్తయ్. బోర్లు సగం సగమే, నీళ్లు మాత్రం సగం సగం రావు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. పేపర్ల ఈ రెండు మాటలు కలిపి రాస్తే జాగ్రత్తగ చదువున్రి.

ముంగేశ్‌పూర్ ముచ్చట నడిచిన మర్నాడే, 2024 మే 30 నాడు, దేశంల కరెంటు డిమాండ్ 250 గిగావాట్లకు పోయింది. అప్పటిదాక అదే రికార్డు. ఎండ పెరిగితే కూలర్లు, ఏసీలు పెరుగుతయ్. వాటికి కరెంటు కావాలె. ఆ కరెంటుకు బొగ్గు కాల్చాలె. కాల్చితే మళ్ల వేడి. పగటిపూట సోలార్ ఆదుకుంటది. పొద్దుగూకినంక? బ్యాటరీలు, కింది నీళ్లను మళ్ల పైకి తోడి నిలువ చేసే ప్రాజెక్టులు వచ్చేదాక రాత్రికి బొగ్గు తప్పదు. రేపు పొద్దుగాల బొగ్గు బందు అనేటోడు, వందేండ్లైనా బొగ్గే అనేటోడు, ఇద్దరూ మనకు సగం లెక్కనే చెప్తున్నరు.

ఇంకో మాట. ఒక భారతీయుడి వాటా కింద ఏడాదికి దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తది. ఒక అమెరికావాడిది 14 టన్నుల చుట్టు. మన ఊర్ల కూలి మనిషిది లెక్క తీస్తే రెండు టన్నులు కూడ ఉండదు. కాబట్టి "మీరే ముందు తగ్గించున్రి" అని పెద్ద దేశాలను అడిగే హక్కు మనకున్నది. అడగాలంటే గట్టి లెక్క మన చేతిల ఉండాలె. లెక్కే అబద్ధం అనుకుంటే, ఏ నష్టానికి పరిహారం అడుగుతవ్?

సింగరేణి నౌకర్లు ఎటు పోయినయ్?

మా బొగ్గు బెల్టు పిల్లలు ఇది జర నిమ్మళంగ చదువున్రి. 1990ల మొదట్ల సింగరేణిల పర్మనెంట్ కార్మికులు లక్ష దాటి ఉండిరి. ఇప్పుడు 40 వేల చుట్టు ఉన్నరు. అప్పటికన్న ఇప్పుడు బొగ్గు తక్కువ తీస్తున్నరా? మస్తు ఎక్కువ తీస్తున్నరు. మరి ఆ నౌకర్లను ఎవలు తీసుకపోయిన్రు? వాతావరణ సభలా? ప్యారిస్ ఒప్పందం పుట్టిందే 2015ల. అండర్‌గ్రౌండ్ బావులు తగ్గి ఓపెన్‌కాస్ట్‌లు వచ్చినయ్. పెద్ద మిషన్లు వచ్చినయ్. మట్టి తీసుడు కాంట్రాక్టులకు పోయింది. నౌకర్లు అట్ల పోయినయ్. థర్మామీటర్ మీద కోపం పెంచుకుంటే అసలు కారణం మీదికెళ్లి మన చూపు పోతది.

రేపు బొగ్గు నిజంగనే తగ్గేటప్పుడు ఏం చేయాలె? ఇప్పటికెళ్లే అడగాలె. కాంట్రాక్టు కార్మికుని లెక్క ఎవలి దగ్గర ఉన్నది? కొత్త పని ఎక్కడ, ఎంత జీతం, ఎవలు నేర్పుతరు? గనుల ప్రభావిత ఊర్ల కోసమని జిల్లా ఖనిజ ఫౌండేషన్ కింద జమయ్యే పైసలు యాడ ఖర్చు పెడుతున్నరు? గ్రామసభల ఈ మూడు అడుగున్రి.

సోలార్ అంటే అంతా మంచే అని కూడ నేను చెప్ప. కర్ణాటకల పావగడ సోలార్ పార్క్ 2,050 మెగావాట్లది, 13 వేల ఎకరాల మీద ఉన్నది. భూమి ఉన్న రైతుకు మొదట్ల ఎకరానికి ఏడాదికి 21 వేల కౌలు వచ్చింది. కరువు నేలల అది మంచి ఆసరానే. మరి అదే భూమిల కూలి చేసుకొని బతికినోళ్లకు? వాళ్లకు కౌలు రాదు, కూలి పోయింది. మన కాడికి సోలార్ కంపెనీ వచ్చినప్పుడు ఈ సంగతి యాది పెట్టుకోవాలె.

మా చిన్నాయన కాగితం

నాకు ఈ థర్మామీటర్ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పి ముగిస్త.

2015 మే నెల. ఆ ఏడు వడగాలులకు మన రెండు తెలుగు రాష్ట్రాలల సర్కారు లెక్కల ప్రకారమే రెండు వేలకు పైగ మనుషులు పోయిన్రు. అందుట్ల లేని పేరు ఒకటి నాకు తెలుసు. మా చిన్నాయన. మేకలు కాసి మధ్యాన్నం ఇంటికొచ్చిండు. ఒళ్లు కాలిపోతున్నది, చెమట మాత్రం లేదు. మాట తడబడ్డది. ఆటో దొరికేటాలకు పానం పోయింది. వడదెబ్బ పరిహారం కోసం కాగితాలు పెట్టినం. మండల ఆఫీసు, డాక్టరు, పోలీసు కలిసి తేల్చాలె. "ఆ రోజు మీ దగ్గర అంత ఎండ లేదు" అని కాగితం వాపస్ వచ్చింది. వాళ్లు చూసిన నంబర్ మా ఊరిది గాదు, ముప్పై కిలోమీటర్ల అవతలిది. మా ఊర్లె ఆ రోజు ఎంత ఉండెనో రాసినోడు లేడు. మా చిన్నమ్మ ఒక్కటే అన్నది, "ఆయన పోయింది ఎండకని మేకలకు తెలుసు, సర్కారుకు తెల్వదా?"

ఇప్పుడు రాష్ట్రంల వెయ్యికి పైగ ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నయ్. 2025 ఏప్రిల్ల రాష్ట్ర సర్కారు వడదెబ్బను విపత్తుగ గుర్తించి పరిహారం 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. మైదాన ప్రాంతంల 40 డిగ్రీలు దాటి, మామూలు కన్న 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి. 45 వస్తే మామూలు ఎంతున్నా వడగాలే. ఇది వాతావరణ శాఖ నిబంధన. అంటే 44.8కి, 45కి మధ్యల ఉన్న ఆ చిన్న తేడా ఒక ఇంటికి మస్తు పెద్ద తేడా కావచ్చు. సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపెడితే టీవీలు లొల్లి చేస్తయ్. మూడు డిగ్రీలు తక్కువ చూపెడితే ఎవలు లొల్లి చేస్తరు? పోయినోని పెండ్లాం ఒక్కతే.

అందుకే నేను పిల్లగానికి చెప్పిన. అనుమానం ఇడువకు. కానీ దాన్ని పనికి పెట్టు. నంబర్ ఫార్వర్డ్ వస్తే మూడు చూడు: అది ఏ స్టేషన్ది, చుట్టుపక్కల స్టేషన్లల ఎంతున్నది, ఒక్క రోజుదా, ఎన్నో ఏండ్లదా. మన మండలం స్టేషన్ యాడ ఉన్నదో పోయి చూడు. దాని పక్కన గోడ ఉన్నదా, రేకుల షెడ్డు ఉన్నదా, కింద నేల ఎట్లున్నదో ఫోటో తీయి. ఆఖరిపారి ఎప్పుడు సరిచూసిన్రో సమాచార హక్కు చట్టం కింద అడుగు. పది రూపాయల ఖర్చు.

పోయిన ఆదివారం వాడు, ఇద్దరు దోస్తులు బండి మీద పోయి స్టేషన్ దొరకవట్టిన్రు. కంచె బయట నిలవడి ఫోటోలు తీసుకొచ్చిన్రు. సోమవారం దరఖాస్తు పెట్టిన్రు. జవాబు 30 రోజులల రావాలె. వచ్చినంక ఏమున్నదో ఇక్కడనే రాస్త. మీ మండలంల మీరు కూడ అడిగి పెట్టున్రి, వచ్చే ఎండకాలం లోపు.